ఖాళీ తూటా కూడా తూటాయేనా?

కరీంనగర్ జిల్లా నుంచి రిటైరైన ఓ టీచరుగారు ఉత్తరం రాశారు. తండ్రిగారి కాలం నుంచి వాళ్లింట్లో .315 రైఫిల్ ఉంది. తండ్రి పోయాక లైసెన్స్ తన పేరున మార్పించుకున్నారు, రెన్యువల్ ఎప్పుడూ తప్పలేదు. రేంజిలో కాల్చిన తూటాల ఇత్తడి గొట్టాలను పారేయబుద్ధి కాక ఒక హార్లిక్స్ సీసాలో దాచుకున్నారు. నలభై దాకా ఉన్నాయట.

ఆయన కొడుకు డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హెచ్-1బి వీసా మీద ఉన్నాడు. అక్కడ అతని సహోద్యోగి ఒకాయన గ్యారేజీలో బల్లకు బిగించిన ప్రెస్సు మీద తన రైఫిల్ తూటాలు తనే నింపుకుంటాడు. శని ఆదివారాల్లో మనవాడూ వెళ్లి చేయి సాయం చేస్తుంటాడు. "నాన్నా, మీ దగ్గరున్న ఖాళీ గొట్టాలను మళ్లీ నింపుకోవచ్చు, ఈసారి వచ్చేటప్పుడు చిన్న ప్రెస్సు ఒకటి తెస్తాను" అన్నాడట. టీచరుగారు రెండు ప్రశ్నలు అడిగారు. నా గొట్టాలు, నా రైఫిల్, నా లైసెన్స్ అయినప్పుడు ఇంట్లో నింపుకుంటే తప్పేమిటి? ఆ ప్రెస్సును మావాడు సూట్‌కేసులో తేవచ్చా?

ఆయన మూడో ప్రశ్న అడగలేదు. ఉత్తరం చదువుతున్నంతసేపూ నన్ను కలవరపెట్టింది ఆ అడగని ప్రశ్నే. ముందు అడిగినవాటికి జవాబు చెప్పి, దాని దగ్గరికి వస్తాను.

తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర గుండు. కాల్చినప్పుడు ప్రైమర్ పేలుతుంది, మందు మండిపోతుంది, గుండు వెళ్లిపోతుంది. మిగిలేది గొట్టం. దాన్ని మళ్లీ కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్, మందు, గుండు పెట్టుకోవడాన్ని అమెరికాలో రీలోడింగ్ అంటారు. అక్కడ లక్షల మందికి అది వారాంతపు వ్యాపకం. ఖర్చు తగ్గుతుందని కొందరు, తమ రైఫిల్‌కు సరిగ్గా నప్పే తూటా చేసుకుంటే గురి బాగా కుదురుతుందని కొందరు చేస్తారు. అన్ని తూటాలకూ ఇది కుదరదు. మన షూటర్లు ఎక్కువగా వాడే .22 రిమ్‌ఫైర్ తూటాలో పేలే మసాలా గొట్టం అంచులోనే ఉంటుంది. ఒకసారి కాలిస్తే దాని పని అయిపోయినట్టే.

టీచరుగారి ఆశ నాకు అర్థమవుతుంది. .315 తూటా మార్కెట్లో విరివిగా దొరికే సరుకు కాదు. పుణె దగ్గర ఖడ్కీలో 1869లో మొదలైన ఫ్యాక్టరీ ఇప్పుడు మ్యునిషన్స్ ఇండియా సంస్థ కింద నడుస్తోంది. మన పౌర రైఫిళ్లకు తూటాలు ఎక్కువగా వచ్చేది అలాంటి సర్కారీ ఫ్యాక్టరీల నుంచే. ఒకేసారి ఎన్ని కొనవచ్చు, ఏడాదికి ఎన్ని కొనవచ్చు అన్నది లైసెన్స్ మీద రాసి ఉంటుంది. ప్రతి కొనుగోలూ దాంట్లో ఎక్కుతుంది. ఇంతటి కట్టడిలో బతికే మనిషికి సీసాలోని నలభై గొట్టాలు నలభై తూటాల్లా కనిపించడం సహజం.

ఇక చట్టం సంగతి. 1959 నాటి ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. అందులో మందుగుండు అంటే ఏమిటో చెప్పే నిర్వచనాన్ని ప్రతి లైసెన్సుదారూ ఒక్కసారైనా చదువుకోవాలి. నిండు తూటా ఒక్కటే మందుగుండు అని మనం అనుకుంటాం. ఆ నిర్వచనంలో తూటాలో పోసే మందు ఉంది, ఫ్యూజులున్నాయి. వాటితోపాటు మందుగుండు భాగాలు, మందుగుండు తయారుచేసే యంత్రాలు కూడా ఉన్నాయి. ప్రైమర్ ఒక భాగం. గుండు ఒక భాగం. ఖాళీ గొట్టమూ ఒక భాగమే. బల్లకు బిగించే ప్రెస్సు యంత్రం. అంటే తూటా ఇంకా పుట్టకముందే, దాన్ని పుట్టించే సరంజామా అంతా చట్టం కళ్లకు మందుగుండే.

దీని పక్కన సెక్షన్ 5 పెట్టి చదవండి. లైసెన్స్ లేకుండా ఎవరూ ఆయుధాలను గానీ మందుగుండును గానీ తయారు చేయకూడదు, అమ్మకూడదు, బదిలీ చేయకూడదు అంటుంది. మీ దగ్గరున్న లైసెన్స్ సెక్షన్ 3 కింద ఇచ్చినది. అది ఆయుధాన్ని సంపాదించుకుని దగ్గర ఉంచుకోవడానికి. తయారీకి వేరే లైసెన్స్, వేరే ఫారం, వేరే తనిఖీలు. కారు నడిపే లైసెన్స్ చేతిలో ఉన్నంత మాత్రాన షెడ్డులో కారు తయారుచేసి రోడ్డెక్కించలేం కదా, ఇదీ అంతే. అందుకే టీచరుగారూ, నింపుకునే అనుమతి మీ లైసెన్స్ మీద అక్షరాలా రాసి ఉంటే తప్ప ఆ గొట్టాల జోలికి వెళ్లకండి. అమ్ముకోవడానికి కాదు, నా సొంతానికే అన్న మాట సెక్షన్ 5 ముందు నిలవదు.

శిక్ష ఎంతో కూడా చెప్పాలి. పాత లెక్కలు మనసులో పెట్టుకుని తేలిగ్గా తీసుకునేవాళ్లను కోర్టు వరండాల్లో చూశాను. 2019 డిసెంబరు 14 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో సెక్షన్ 25 చాలా కఠినమైంది. లైసెన్స్ లేని తయారీకి అంతకుముందు మూడు నుంచి ఏడేళ్ల జైలు. ఇప్పుడు కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం, పైన జరిమానా. లైసెన్స్ లేకుండా దగ్గర ఉంచుకోవడానికి కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు. ఒకరి దగ్గర ఉండదగ్గ ఆయుధాలను మూడు నుంచి రెండుకు తగ్గించింది కూడా ఈ సవరణే. పెళ్లి ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చడాన్ని విడిగా నేరం చేసి, రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పెట్టింది. లైసెన్స్ గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచడం ఒక్కటే లైసెన్సుదారులకు దీనివల్ల కలిగిన ఊరట.

మందు విషయానికి వస్తే మరో రెండు చట్టాలు అడ్డొస్తాయి. పేలుడు మందును దగ్గర ఉంచుకోవడం, రవాణా చేయడం 1884 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ చట్టం, 2008 నాటి నియమాల కిందికి వస్తుంది. అనుమానాస్పద పరిస్థితుల్లో పేలుడు పదార్థం చేసినా, దగ్గర పెట్టుకున్నా 1908 నాటి ఎక్స్‌ప్లోజివ్ సబ్‌స్టెన్సెస్ చట్టం వర్తిస్తుంది. అడవిపందుల బెడదకు చేలగట్ల మీద నాటుబాంబులు పెట్టే రైతులు చాలామందికి ఈ చివరి చట్టం పేరు తెలిసేది అరెస్టయ్యాకే.

పల్లెల నుంచి తరచూ వచ్చే సందేహం ఒకటుంది. "మా దగ్గర మూతి నుంచి మందు దట్టించే నాటు తుపాకీ ఉంది, పంట కాపలాకు లైసెన్స్ ఇచ్చారు. మేం ప్రతిసారీ మందు పోసి, క్యాపు పెట్టి కాలుస్తాం. అది తయారీ కాదా?" కాదు. ఆ తుపాకీ పనిచేసే తీరే అది. పంట కాపలాకు మజిల్ లోడర్ లైసెన్స్ ఇచ్చే ఏర్పాటు ఆయుధాల చట్టం సెక్షన్ 13లోనే ఉంది. మందూ క్యాపులూ ఎంత ఉంచుకోవచ్చో లైసెన్సులో చూసుకుని, ఆ మేరకే ఉంచుకోండి. ఆ మందును పక్కింటివాళ్ల తుపాకీకి పోసి ఇచ్చారంటే గీత దాటినట్టే. లైసెన్స్ పంట కాపలాకు ఇచ్చినది, వేటకు కాదని కూడా గుర్తుంచుకోండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోనే వచ్చింది.

ఇప్పుడు సూట్‌కేసులో ప్రెస్సు. విదేశం నుంచి ఆయుధాలు గానీ మందుగుండు గానీ తేవడానికి ఆయుధాల చట్టం సెక్షన్ 10 ప్రకారం లైసెన్స్ కావాలి. ప్రెస్సు నిర్వచనంలోని యంత్రమైనప్పుడు దాన్ని తేవడమంటే మందుగుండు దిగుమతి చేసుకోవడమే. ఇనుప ముక్కే కదా, స్కానర్‌లో ఎవరు గుర్తుపడతారు అనుకోవద్దు. కస్టమ్స్ వాళ్లు అడిగితే చెప్పుకోవడానికి అబ్బాయి దగ్గర ఏ కాగితమూ ఉండదు. ప్రైమర్లు, మందు అయితే ఆ ఆలోచనే రానివ్వకండి. అమెరికా విమానాశ్రయాల భద్రతా నిబంధనల ప్రకారం అవి చేతి సంచిలోనూ నిషిద్ధం, చెక్-ఇన్ పెట్టెలోనూ నిషిద్ధం.

ఈ సందర్భంలోనే మరో మాట. రేంజికి వెళ్లి సరదాగా కాల్చి, గుర్తుగా ఒక గొట్టం జేబులో వేసుకునే అలవాటు మన పిల్లల్లో బాగా పెరిగింది. అది ఏ బ్యాగు అరలోనో ఉండిపోతుంది. ఏడాది తర్వాత శంషాబాద్‌లోనో, గన్నవరంలోనో బ్యాగు స్కానర్ మీదికి వెళ్తుంది, బెల్టు ఆగుతుంది. ఖాళీ గొట్టమే అయితే కాపాడే నిబంధన చట్టంలోనే ఉంది. మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్న భాగాలకు సెక్షన్ 45 మినహాయింపు ఇస్తోంది. నిండు తూటా దొరికితే కష్టం ఎక్కువ, అయినా దారి లేకపోలేదు. ఒక వస్తువు తన దగ్గర ఉందన్న ఎరుక, దాని మీద అదుపు ఉంటేనే అది స్వాధీనం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు గున్వంత్‌లాల్ కేసులో 1972లో చెప్పింది, సంజయ్ దత్ కేసులో 1994లో మళ్లీ చెప్పింది. దాన్ని ఆధారం చేసుకుని, పొరపాటున బ్యాగులో ఉండిపోయిన ఒంటరి తూటాల కేసులను హైకోర్టులు కొట్టేసిన సందర్భాలు చాలా ఉన్నాయి.

నేను వాదించిన అలాంటి కేసులో ఒక కుర్రాడు మిలిటరీలో పనిచేసిన మేనమామ పాత బ్యాగు తీసుకుని ఉద్యోగ ఇంటర్వ్యూకు బయలుదేరాడు. లైనింగు చినిగిన చోట ఒక తూటా ఉంది. చివరికి కేసు కొట్టేశారు. కానీ ఆ ఇంటర్వ్యూ పోయింది. కేసు తేలేదాకా పాస్‌పోర్ట్ రెన్యువల్ ఆగింది. వాళ్లమ్మ వాయిదా వాయిదాకీ కోర్టు మెట్ల మీద కూర్చునేది. నిర్దోషిగా తేలడానికి కూడా ఖర్చవుతుంది, ఆ ఖర్చు మన ఇళ్లలో మామూలు ఖర్చు కాదు.

అలా ఎవరైనా పట్టుబడితే గుర్తుంచుకోవలసినవి చెబుతాను. బెదిరిపోయి "అది నాదే" అని సంతకం పెట్టకండి. బ్యాగు ఎవరిది, ఎక్కడి నుంచి వచ్చింది, అందులో అది ఉందని మీకు తెలుసా, ఈ మూడింటినీ ఉన్నది ఉన్నట్టు చెప్పి, రాసినది చదివాకే సంతకం పెట్టండి. అరెస్టుకు కారణాలు చెప్పాల్సిన బాధ్యత పోలీసులది. భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 47 ఆ హక్కు ఇస్తోంది. దొరికినది పనిచేసే తూటానా కాదా అన్నది ఫోరెన్సిక్ ల్యాబ్ నివేదిక తేల్చాలి. ఆయుధాల చట్టం సెక్షన్ 3 ఉల్లంఘన మీద కేసు నడపాలంటే జిల్లా మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి ఉండి తీరాలని అదే చట్టం సెక్షన్ 39 అంటోంది. మీ వకీలు ముందుగా చూడాల్సిన కాగితం అదే. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కు ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దక్కుతుంది.

ఇక ఆ అడగని ప్రశ్న.

టీచరుగారూ, మీరు సీసాలోని గొట్టాల గురించి దిగులు పడుతున్నారు. నా దిగులంతా డాలస్ గ్యారేజీలో ఉన్న మీ అబ్బాయి గురించే. అమెరికా ఫెడరల్ చట్టంలో సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి లైసెన్స్ అక్కర్లేదు. తయారుచేసి అమ్మే వ్యాపారానికైతే కావాలి. కాబట్టి ఆ సహోద్యోగి చేస్తున్నది అక్కడ సక్రమమే. కానీ అతను పౌరుడు, మీవాడు హెచ్-1బి. ఒకే బల్ల దగ్గర నిలబడి ఒకే పని చేస్తున్న ఇద్దరిలో ఒకరికి అది వ్యాపకం, ఇంకొకరికి నేరం కావచ్చు.

1968 నాటి గన్ కంట్రోల్ చట్టం తర్వాత్తర్వాత సవరణలతో పెరిగింది. నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ మందుగుండు గానీ దగ్గర ఉంచుకోకూడదని అందులో ఉంది. అంటే హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, ఓపీటీలో ఉన్న విద్యార్థి, అందరూ ఆ కోవలోకే వస్తారు. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లు రారు. మరి మందుగుండు అంటే ఏమిటి? అక్కడి నిర్వచనం కూడా ముక్కలను విడివిడిగా పేర్కొంటుంది: గొట్టం, ప్రైమర్, గుండు, మందు. ఏ ఒక్కటైనా సరే. మన చట్టం, వాళ్ల చట్టం సముద్రాలకు చెరో పక్క పుట్టినా ఈ విషయంలో ఒకే మాట చెబుతున్నాయి. ఒక ప్రైమర్ల డబ్బా కొని ఇంట్లో అలమరలో పెట్టుకుంటే, తుపాకీ ఎన్నడూ ముట్టుకోకపోయినా, మీవాడు ఆ నిషేధం పరిధిలోకి వస్తాడు. 2022 సవరణ తర్వాత దీనికి శిక్ష 15 ఏళ్ల దాకా ఉంది. జైలు ఒక ఎత్తయితే ఇమిగ్రేషన్ చట్టం ఇంకో ఎత్తు. ఈ నేరం ఆ చట్టం తీవ్ర నేరాలుగా లెక్కకట్టే జాబితాలో ఉంది. ఆ ముద్ర పడితే గ్రీన్‌కార్డు ఆశ పోయినట్టే, దేశం నుంచి పంపించేస్తారు.

రేంజికి వెళ్లి అద్దె తుపాకీ కాల్చడం కూడా ఇందులోకే వస్తుందా అని అక్కడి పిల్లలు అడుగుతుంటారు. చేతిలోకి తీసుకున్న కొద్ది నిమిషాలూ అది మీ స్వాధీనంలో ఉన్నట్టే. అమెరికా సుప్రీంకోర్టు 2019లో తీర్పు చెప్పిన రెహైఫ్ కేసు చూడండి. యూఏఈ నుంచి చదువుకు వెళ్లిన కుర్రాడు. మార్కులు రాక యూనివర్సిటీ తీసేసింది, వీసా హోదా పోయింది. ఆ తర్వాత రేంజికి వెళ్లి కాల్చాడు. అంతే, కేసు. తనకు హోదా లేదని అతనికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాలని సుప్రీంకోర్టు అంది. ఆ మాట వినడానికి అతను కింది కోర్టు శిక్ష మోస్తూ అంత దూరం వెళ్లాల్సి వచ్చింది.

మినహాయింపు లేకపోలేదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే నాన్-ఇమిగ్రెంట్ వీసా వాళ్లకు ఈ నిషేధం వర్తించదు. టెక్సాస్‌లో అది ఆన్‌లైన్లోనే దొరుకుతుంది, అక్కడి నివాసికి ఖరీదు 25 డాలర్లు. వేటకు వెళ్లినా వెళ్లకపోయినా చట్టం చూసేది ఆ కాగితం ఉందా లేదా అన్నదే. కానీ అక్కడి లైసెన్స్ ఏడాది ఆగస్టు 31తో ముగుస్తుంది. సెప్టెంబరు 1న కొత్తది లేకపోతే, అలమరలో ఉన్న ప్రతి గొట్టమూ ఆ రోజు నుంచి మీవాడి మెడకు చుట్టుకుంటుంది.

దీనికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. ఉద్యోగం పోతే హెచ్-1బి వాళ్లకు సాధారణంగా 60 రోజుల గడువుంటుంది. ఆలోగా కొత్త సంస్థ పిటిషనో, హోదా మార్పు దరఖాస్తో పడకుండా అక్కడే ఉండిపోతే హోదా లేనివాళ్ల కిందికి వస్తారు. వాళ్లకు వర్తించే నిషేధం వేరు, దానికి హంటింగ్ లైసెన్స్ మినహాయింపు లేదు. లేఆఫ్ మెయిల్ వచ్చిన రోజున ఎవరికైనా అద్దె, ఈఎంఐ, పిల్లల స్కూలు గుర్తొస్తాయి, గ్యారేజీలో ఉన్న మందు డబ్బా గుర్తు రాదు. అందుకే మీవాడు ఇంకా అక్కడ స్థిరపడనంతకాలం తన పేరున, తన ఇంట్లో ఈ సరంజామా ఏదీ పెట్టుకోకపోవడమే క్షేమమని నా గట్టి అభిప్రాయం. సహోద్యోగి గ్యారేజీలో చేయి సాయం చేయాలన్నా ముందు హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండాలి, ఆ రాష్ట్ర నిబంధనలు తెలిసిన ఇమిగ్రేషన్ లాయరును ఒక్కసారి అడగాలి. ఫీజు ఎంతైనా ఆ గంటకు పెట్టమనండి.

మళ్లీ మీ ఇంటికి వద్దాం. ఆ నలభై గొట్టాలూ మీ లైసెన్స్ మీద కొన్న తూటాలవే కాబట్టి, మీరు భయపడాల్సిందేమీ లేదు. కానీ దాచిపెట్టడం మానేసి, ఎన్ని కొన్నారు, ఎన్ని కాల్చారు, ఎన్ని మిగిలాయి అన్న లెక్క ఒక పుస్తకంలో రాసుకోండి. లైసెన్స్ షరతుల్లో గొట్టాలు తిరిగి ఇవ్వాలని ఉంటే ఇచ్చి రసీదు తీసుకోండి. లేకపోతే మీరు కొనే లైసెన్సు డీలరుకు అప్పగించి రాయించుకోండి. ఏడాది కోటా చాలకపోతే, రేంజి సభ్యత్వం కాగితాలు జతచేసి, సంఖ్య పెంచమని లైసెన్స్ ఇచ్చిన అధికారికి దరఖాస్తు పెట్టుకోండి. జిల్లాల్లో కలెక్టరు, కమిషనరేట్ ఉన్నచోట పోలీసు కమిషనరు. దరఖాస్తు మీద ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోవడం మరవకండి. రేపు లైసెన్స్ నిరాకరించినా, రద్దు చేసినా కారణాలు రాతపూర్వకంగా అడిగే హక్కు, 30 రోజుల్లో అప్పీలు చేసుకునే హక్కు మీకున్నాయి.

మీ ఉత్తరం చివర్లో ఒక వాక్యం రాశారు, మా నాన్నగారి ట్రంకు పెట్టెలో ఇంకా కొన్ని పాత తూటాలున్నాయి, అట్ట గొట్టాలవి, ఏ తుపాకీవో తెలియదు అని. పాత జాగీరు ఇళ్లలో, వేటకెళ్లిన తాతల ఇళ్లలో ఇలాంటి పెట్టెలు ఇంకా చాలానే ఉన్నాయి. మీ లైసెన్స్ .315 తూటాలకే. ఆ అట్ట గొట్టాలు బహుశా 12 బోరు తుపాకీవి, వాటికి మీ లైసెన్స్ చెల్లదు. చెత్తబుట్టలో వేయకండి, చెరువులో పారేయకండి, విప్పి చూసే ప్రయత్నం అసలే చేయకండి. పాతబడిన ప్రైమర్ ఎప్పుడు ఎలా ప్రవర్తిస్తుందో ఎవరూ చెప్పలేరు. ఏ కారణం చేతనైనా దగ్గర ఉంచుకోవడం చట్టబద్ధం కాకుండా పోయిన మందుగుండును ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీసు స్టేషన్లోనో, లైసెన్సు డీలరు దగ్గరో అప్పగించాలని మన ఆయుధాల చట్టం సెక్షన్ 21 చెబుతోంది. తండ్రిగారి మరణ ధ్రువపత్రం నకలు, పాత లైసెన్స్ పుస్తకం ఉంటే అదీ, మీ లైసెన్స్ వెంట పెట్టుకోండి. తూటాలను బస్సులో మోసుకెళ్లకుండా ముందు స్టేషన్‌కు మీరొక్కరే వెళ్లి, పెట్టె తెరిచినప్పుడు ఇవి కనిపించాయని అర్జీ రాసిచ్చి, వాళ్లు వచ్చి తీసుకెళ్తారా, మిమ్మల్ని తెమ్మంటారా అడగండి. ఎన్ని, ఏ రకం, ఏ తేదీన అప్పగించారో రాసిన రసీదు లేకుండా తిరిగి రావద్దు. ఆ రసీదు నకలు ఒకటి డాలస్‌కు పంపండి. రేపు ఆ ట్రంకు పెట్టె వారసుడు మీ అబ్బాయే.